డైలాగ్ యాడ కనిపించినా, దాని పేరెంట్ ఎవరో చూసుకో

పాపా,

ఈ తోతాపురి సీజన్‌కి చిత్తూరు మండీలో కాటా చీటీల వెబ్ యాప్ నువ్వొక్కదానివే చేసిస్తానని ఒప్పుకున్నావంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన పిల్ల చేసిన యాప్‌లో మన రైతుల చీటీలు పడతాయంటే ఎంత సంతోషమో చెప్పలేను. కానీ చీటీ అంటే డబ్బు. నువ్వు పంపిన కోడ్ చూసినాక ఊరుకోలేక రాస్తున్నా.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తా. డైలాగ్ (పేజీ మీద తెరుచుకునే చిన్న పెట్టె) వెనక్కి పోతోందని జెడ్-ఇండెక్స్ (ఏది పైన కనిపించాలో చెప్పే అంకె) 99, తర్వాత 9999, ఆపైన 99999 పెట్టుకుంటూ పోయినావు. ఎన్ని తొమ్మిదులు చేర్చినా అది పైకి రాదు. ఆ డైలాగ్ ఉన్న కార్డుకు ట్రాన్స్‌ఫామ్ (జరపడం, తిప్పడం లాంటి సీఎస్ఎస్ మార్పు) ఉంది. ట్రాన్స్‌ఫామ్ ఉన్న ఎలిమెంట్ సొంతంగా ఒక స్ట్యాకింగ్ కాంటెక్స్ట్, అంటే ఏది పైన ఏది కింద అనే వరస, పెట్టుకుంటుంది, లోపలి జెడ్-ఇండెక్స్ పోటీ అంతా దాని లోపలే. పొజిషన్ ఫిక్స్‌డ్ కూడా అప్పుడు స్క్రీన్‌ని వదిలేసి ఆ కార్డునే హద్దుగా తీసుకుంటుంది. ఓవర్‌ఫ్లో హిడెన్ తోడైతే అంచులు కూడా తెగిపోతాయి. డైలాగ్‌ని పేజీలో వేరే చోట చూపించే పోర్టల్ కావాల్సింది ఇందుకే. నువ్వు వాడే రియాక్ట్ లైబ్రరీకి క్రియేట్‌పోర్టల్ ఫంక్షన్ 2017లో, 16వ వెర్షన్‌తో వచ్చింది. అంతకుముందు పేరులోనే ‘అన్‌స్టేబుల్’ అని రాసిపెట్టిన ఫంక్షన్‌తో నెట్టుకొచ్చేవాళ్లు, నీకా బాధ లేదు.

యాప్ అంతా ఉండే రూట్ డివ్ పక్కనే ఇంకో ఖాళీ డివ్ పెట్టి, క్రియేట్‌పోర్టల్‌కి మొదట జేఎస్ఎక్స్ (చూపించాల్సిన డైలాగ్ కోడ్), తర్వాత ఆ డివ్ ఇస్తే పని అయిపోయె. ఇది నీకు తెలిసిందే.

నా భయమంతా కాటా చీటీ ఫారం లోపల నువ్వు పెట్టిన ‘కొత్త రైతు’ డైలాగ్ మీద. అందులో ఇంకో ఫారం ఉంది. పోర్టల్‌లో పెట్టినావు గాబట్టి డామ్‌లో (బ్రౌజర్ కట్టుకునే పేజీ చెట్టులో) రెండు ఫారాలూ వేరువేరు చోట్ల ఉంటాయి, బ్రౌజర్ ఏ వార్నింగూ ఇవ్వదు. కానీ పోర్టల్ మార్చేది డామ్‌లో చోటునే. రియాక్ట్ ట్రీలో, అంటే కోడ్‌లో నువ్వు దేని లోపల ఏది పెట్టినావో ఆ వరసలో, ఆ డైలాగ్ ఇంకా కాటా చీటీ బిడ్డే. చెన్నైలో కాపురమున్నా రేషన్ కార్డు పలమనేరులోనే ఉన్నట్టు. రియాక్ట్ కాంటెక్స్ట్ (పైనుంచి లోపలికి పంపే డేటా) అందుకే చక్కగా అందుతుంది, ఈవెంట్లూ అందుకే రియాక్ట్ ట్రీ వెంబడే పైకి పోతాయి. డైలాగ్‌లో రైతు పేరు కొట్టి ఎంటర్ నొక్కితే రైతు సేవ్ అవుతాడు. ఆ సబ్మిట్ ఈవెంటే పైకెక్కి కాటా చీటీని సేవ్ చేసే ఆన్‌సబ్మిట్‌నీ నడిపిస్తుంది.

ఇప్పుడు లెక్క చూడు. పికప్ బండి లోడుతో 3,300 కిలోలు తూగింది. గుమాస్తా అది కొట్టి, రైతు పేరు లిస్టులో లేదని డైలాగ్ తెరిచినాడు. బండి ఇంకా కాయ దించలేదు, ఖాళీ బరువు గడి ఖాళీగానే ఉంది. జావాస్క్రిప్ట్‌లో ఖాళీ స్ట్రింగ్‌ని నంబర్ చేస్తే సున్నా వస్తుంది, ఎర్రర్ రాదు. నికరం 3,300 అని చీటీ పడిపోతుంది. ఖాళీ బండి 1,750 కిలోలైతే నిజమైన కాయ 1,550. బండి బరువుకు కూడా కాయ రేటు కట్టినట్టే. తర్వాత సరైన చీటీ ఇంకోటి పడుతుంది, ఒకే లోడుకు రెండు చీటీలు. ఆ రోజు మండీలో జరిగే గొడవలో నీ మాట ఎవరు వింటారు?

ప్రివెంట్‌డిఫాల్ట్ పెట్టినాను గదా అంటావేమో. అది పేజీ రీలోడ్‌ని ఆపుతుంది, ఈవెంట్ పైకి పోవడాన్ని ఆపదు. లోపలి ఫారంలో స్టాప్‌ప్రాపగేషన్ పెడితే ఆగుతుంది. కానీ ఇంకో డైలాగ్ రాసేటప్పుడు మర్చిపోతావు. డైలాగ్ కాంపొనెంట్‌నే కాటా చీటీ ఫారం బయటికి తెచ్చి, పక్కపక్కన పెట్టు. తెరిచి ఉందా లేదా అనే స్టేట్ రెండింటి పైనున్న కాంపొనెంట్‌లో ఉండనీ. బయటి ఆన్‌సబ్మిట్ మొదటి లైన్లో టార్గెట్ (సబ్మిట్ అయిన ఫారం), కరెంట్‌టార్గెట్ (ఆ ఆన్‌సబ్మిట్ ఉన్న ఫారం) ఒకటి కాకపోతే వెనక్కి తిరిగేట్టు కూడా రాయి. ఖాళీ బరువు లేని చీటీని సర్వర్ కూడా తిప్పికొట్టాలి. ఇంకోటి, డైలాగ్ తెరిచే బటన్‌కి టైప్ బటన్ అని రాయలేదు నువ్వు. ఫారం లోపలున్న బటన్‌కి టైప్ చెప్పకపోతే అది సబ్మిటే.

నన్నడిగితే డైలాగ్‌లకు బ్రౌజర్ సొంత డైలాగ్ ఎలిమెంటే మేలు. 2022 మార్చి నుంచి పెద్ద బ్రౌజర్లన్నిట్లో ఉంది. దాని షోమోడల్ ఫంక్షన్ పిలిస్తే టాప్ లేయర్‌లోకి (అన్నిటికన్నా పై పొరలోకి) పోతుంది, జెడ్-ఇండెక్స్ గొడవే లేదు, వెనకున్నదేదీ నొక్కనీదు, ఎస్కేప్‌తో మూసుకుంటుంది. ఒక్క మెలిక ఉంది. ఊరి పేర్ల డ్రాప్‌డౌన్‌ని బాడీలోకి పోర్టల్ చేస్తే అది డైలాగ్ కిందికి పోతుంది, నొక్కినా పలకదు. దాన్ని ఆ డైలాగ్ ఎలిమెంట్‌లోకే పోర్టల్ చెయ్. మామూలు డివ్‌తోనే డైలాగ్ చేస్తానంటావా, అప్పుడు బయట నొక్కితే మూసే కోడ్ చూసుకో. కంటెయిన్స్ (ఇది దాని లోపలుందా అని అడిగే ఫంక్షన్) చూసేది డామ్‌నే గాబట్టి, బాడీలో ఉన్న డ్రాప్‌డౌన్‌లో ఊరు ఎంచుకోబోతే బయట నొక్కినారనుకొని డైలాగ్ మూసేస్తుంది. ఫోకస్ (కీబోర్డ్ ఇప్పుడు దేని మీద పనిచేస్తుందో అది) బాధ్యత కూడా నీదే, మూసినాక తెరిచిన బటన్‌కే తిరిగి రావాలి.

తెలుగు ఫాంట్ రూట్ డివ్‌కి పెట్టినావు. పోర్టల్ దాని బయట ఉంటుంది, ఫాంట్ అందదు. బాడీకి పెట్టు. లైన్ హైట్ కూడా కొంచెం పెంచు, ఒత్తులు తెగుతున్నాయి.

రేపెప్పుడన్నా రియాక్ట్ లాంటిదే ఇంకోటైన వ్యూలో, పోర్టల్ లాంటి టెలిపోర్ట్ వాడితే ఇదే లెక్క వెయ్యొద్దు. అక్కడ కాంపొనెంట్ తానుగా ఎమిట్ చేసిన (పంపిన) ఈవెంట్లు పేరెంట్‌కి చేరతాయి గానీ, మామూలు డామ్ ఈవెంట్లు డామ్ దారిలోనే పోతాయి.

మండీకి ఇచ్చేముందు బ్రౌజర్ డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ (సర్వర్‌కి పోయే రిక్వెస్టులు చూపేది) తెరిచి పెట్టుకో. సగం చీటీ నింపి, కొత్త రైతు డైలాగ్ తెరిచి, పేరు కొట్టి ఎంటర్ నొక్కు. పోస్ట్ రిక్వెస్ట్ ఒక్కటే పోవాలి, అదీ రైతుది. అయినాక కోడ్ నాకు మళ్లీ పంపు, రాత్రి ఎంత పొద్దుపోయినా సరే చూస్తా. వేళకు తిను, కూర్చున్నచోటే కూర్చోకు.

మీ మామ