మందు కొట్టే ముందు దుబ్బు వంచి చూడు అల్లుడూ

అల్లుడూ,

నిన్న ఫోన్లో అన్నావు కదా, నాట్లేసి నెలైంది, ఆకుముడత పురుగు కనిపిస్తోంది, ఎల్లుండి మందు కొట్టించేస్తాను అని. ఆగు. అక్కడక్కడా ఆకులు తెల్లబడ్డాయని టెన్షన్ పడకు, పిలకలు వేసే వయసులో వరి ఆ మాత్రం దెబ్బకి తట్టుకుని కొత్త ఆకు వేసుకుంటుంది. నా భయమంతా ఆ మందు తర్వాత వచ్చే సుడిదోమ గురించే, అదే, దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే గోధుమరంగు దోమ.

నేను కౌలుకి దిగిన మొదటి సార్వాలో స్వర్ణ రకం వరి వేశాను. మందుల కొట్టులో ఇచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు కొట్టాను, చవక కూడా. పురుగు రాలింది, చేను కళకళలాడింది. ఈనిక దగ్గరికొచ్చేసరికి సుడిదోమ పట్టి మడి మధ్యలో మంచమంత మేర ఎండింది, వారం తిరిగేసరికి అది కళ్లమంత అయింది. మళ్లీ కొట్టాను, మళ్లీ వచ్చింది. ఆ ఏడు కౌలు గింజలు కూడా అప్పు చేసి కొలిచాను, మీ అత్తకి ఇప్పటికీ గుర్తే.

ఎందుకలా అయిందంటే, దోమ గుడ్లు ఆకు తొడుగు లోపల ఉంటాయి, పైన కొట్టిన మందు వాటికి తగలదు. వారం పది రోజుల్లో అవి పిల్లలవుతాయి. ఈలోగా వాటిని తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు మందుకి చచ్చిపోయి ఉంటాయి, మళ్లీ చేలోకి వచ్చి పెరగడానికి వాటికి చాలా రోజులు పడుతుంది, దోమకి అడ్డే ఉండదు. ఇండోనేషియాలో ఇదే దోమతో వేగి వేగి 1986లో వరి మీద 57 రకాల మందులు ఆపేశారు.

పొద్దున్నే మడిలోకి దిగి దుబ్బు వంచి మొదట్లో చూడు. గోధుమరంగు దోమలు పక్కకి జరుగుతుంటాయి, వాటిని లెక్కపెట్టు. అక్కడే లేతాకుపచ్చ ఒళ్లు, నల్ల తలతో చకచకా పరిగెత్తే చిన్న నల్లి కనిపిస్తుంది, అదే మిరిడ్, ఆకు తొడుగులోకి ముక్కు గుచ్చి దోమ గుడ్లు పీల్చేస్తుంది. చాలామంది దాన్ని కూడా దోమే అనుకుని కంగారుపడి మందు కొట్టేస్తారు, అది చూస్తే నా ప్రాణం ఉసూరుమంటుంది. వెనక గుడ్ల సంచి అంటించుకునో, వీపు మీద పిల్లల్ని మోసుకునో తిరిగే సాలీడు ఉంటే ఆ చేను ఇంకా బాగున్నట్టే.

మడికి అడ్డంగా నడుస్తూ పది దుబ్బులు చూడు. పిలకల దశలో దుబ్బుకి పది పదిహేను దోమలు దాటకపోతే మందు జోలికి పోకు. ఈనే దశలో ఇరవై పాతిక దాకా ఓపిక పట్టొచ్చు. దాటితే ముందు నీళ్లు తీసేసి మడి ఆరగట్టు, యూరియా ఆపు. తప్పదనుకుంటే బుప్రోఫెజిన్ గానీ పైమెట్రోజిన్ గానీ తీసుకుని డబ్బా మీద రాసిన మోతాదులో మొదళ్లు తడిసేలా కొట్టించు. రెండు మూడు మందులు కలిపి మాత్రం వద్దు. నాట్లప్పుడు రెండు మీటర్లకో కాలిబాట వదలమన్నది ఈ దోమ పెరగకూడదనే, వచ్చే సార్వాకైనా వదులు, వరి రకం కూడా ఎం.టి.యు. 1061 గానీ 1064 గానీ చూసుకో, దోమని కొంత తట్టుకుంటాయి.

స్ప్రేయర్ అబ్బాయికి రెండు రోజులు ఆగమని చెప్పు. రేపు దుబ్బు మొదలు ఫోటో తీసి పంపు, సాలీళ్లు ఎన్ని ఉన్నాయో కూడా రాయి.

మీ మావయ్య