టెక్ సందేహాలు: స్ట్రాట్ కొనాలా, లెస్‌పాల్ కొనాలా?

ప్రశ్న: వరంగల్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాను. మూడేళ్లుగా అకూస్టిక్ గిటార్ వాయిస్తున్నాను. ఇప్పుడు కాలేజీ బ్యాండ్ కోసం ఎలక్ట్రిక్ గిటార్ కొనాలి. మెలొడీలకు క్లీన్ టోన్, రాక్ పాటలకు గట్టి డిస్టార్షన్ (కావాలని గరగరలాడించిన సౌండ్) రెండూ కావాలి. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) మంచిదా, గిబ్సన్ కంపెనీ లెస్‌పాల్ మంచిదా?

జవాబు: మోడల్ పేరు పక్కనపెట్టి, ముందు పికప్‌లు చూడండి. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నటి రాగి వైరు. దాని పైన ఉక్కు తీగ కదిలితే అందులో కరెంటు పుడుతుంది. ఆంప్‌కి (సౌండ్‌ను పెంచి వినిపించే యాంప్లిఫయర్‌కి) చేరేది అదే. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో ఇలాంటి సింగిల్ కాయిల్ (ఒకే వైరు చుట్ట) పికప్‌లు మూడుంటాయి. కార్డ్ వాయిస్తే ప్రతి తీగా విడిగా, గలగలా వినిపిస్తుంది. స్ట్రాట్ నెక్ పికప్ (గిటార్ మెడ వైపున్నది) మీద వాయించిన క్లీన్ టోన్ అంటే నాకు ప్రాణం. చిక్కేమిటంటే, ఇంట్లోని కరెంటు వైర్ల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుర్రుమనే హమ్‌ను కూడా అది పట్టేస్తుంది.

ఆ హమ్ పోగొట్టడానికే గిబ్సన్‌లో సేత్ లవర్ 1955లో రెండు కాయిళ్ల పికప్ తయారుచేశాడు. ఆ రెండింటికీ చుట్టిన దిశ ఎదురు, అయస్కాంత ధ్రువాలూ ఎదురు. అందుకే బయటి హమ్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగల సౌండ్ మాత్రం కలిసి బలపడుతుంది. అదే హంబకర్. 1957 నుంచి లెస్‌పాల్‌లో వచ్చింది. సౌండ్ లావుగా, గుండ్రంగా ఉంటుంది. డిస్టార్షన్ పెంచినా పల్చబడదు.

మీకు రెండూ కావాలి కాబట్టి, నా సలహా హెచ్‌ఎస్‌ఎస్ స్ట్రాట్. అంటే బ్రిడ్జ్ (తీగలు ఆనే కింది చివర) దగ్గర హంబకర్, మిగతా రెండూ సింగిల్ కాయిల్. రాక్ పాటకు బ్రిడ్జ్, మెలొడీకి నెక్. పాట మధ్యలో స్విచ్ మారిస్తే చాలు. హంబకర్‌లో ఒక కాయిల్‌ను ఆపేసే కాయిల్ స్ప్లిట్ ఉన్న లెస్‌పాల్‌లూ దొరుకుతాయి కానీ, అది అచ్చం స్ట్రాట్‌లా మోగదు. లెస్‌పాల్ బరువు కూడా తరచూ 4 కిలోల దాకా ఉంటుంది. నిలబడి రెండు గంటలు వాయించేవారు ఓసారి భుజాన వేసుకుని చూడాలి. దాని తీగ పొడవు 24.75 అంగుళాలు, స్ట్రాట్‌ది 25.5. అందుకే ఒకే సైజు తీగలు వేస్తే లెస్‌పాల్‌లో కాస్త వదులుగా ఉండి, బెండ్ చేయడం (తీగను పక్కకు లాగి శ్రుతి పెంచడం) తేలిక.

డబ్బంతా గిటార్‌కే పెట్టేయకండి. ఆంప్ నాసిరకమైతే ఏ పికప్ అయినా ఒకలాగే వినిపిస్తుంది. షాపులో గిటార్లన్నీ ఒకే ఆంప్ మీద, డిస్టార్షన్ లేకుండా వాయించి పోల్చుకోండి.

ప్రశ్న: నా స్ట్రాట్ మోడల్ గిటార్ ఇంట్లో ఆంప్‌కి పెట్టగానే గుయ్‌మంటోంది. పికప్‌లు మార్చేయమంటున్నారు. మార్చాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. గిటార్ పట్టుకుని నిలబడి మెల్లగా చుట్టూ తిరగండి. దిశను బట్టి హమ్ పెరిగి తగ్గుతుంటే అది సింగిల్ కాయిల్ స్వభావమే. పికప్ స్విచ్‌ను రెండేసి పికప్‌లు కలిసి మోగే 2 లేదా 4 స్థానంలో పెట్టి చూడండి. చాలా గిటార్లలో మధ్య పికప్‌ను ఎదురు దిశలో చుడతారు కాబట్టి అక్కడ హమ్ బాగా తగ్గుతుంది. తీగలను ముట్టుకోగానే జుయ్‌మనే రొద తగ్గుతోందా? అయితే గిటార్‌లో పికప్‌లు, వైర్లు ఉండే లోపలి గుంటలకు రాగి టేప్ అంటించి గ్రౌండ్‌కి కలిపిస్తే ఫలితం ఉంటుంది. ఫ్యాన్ రెగ్యులేటర్, ఎల్‌ఈడీ లైట్లు ఆపి కూడా చూడండి. హమ్ పోవాలని ఆంప్ ప్లగ్ మూడో పిన్ను మాత్రం ఎప్పుడూ తీసేయొద్దు. షాక్ కొడితే ప్రాణం మీదికి వస్తుంది.

సౌండే నచ్చకపోతే ముందు పికప్ ఎత్తు సరిచేయండి. చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, తీగకూ పికప్‌కూ మధ్య లావు తీగ వైపు 2 మి.మీ., సన్న తీగ వైపు 1.6 మి.మీ. ఎడం ఉంచండి. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగను లాగి శ్రుతి వణుకుతుంది. ఇవన్నీ చేశాక కూడా హమ్ భరించలేకపోతే, స్ట్రాట్‌లో సరిపోయే నాయిస్‌లెస్ (హమ్ పట్టని) పికప్‌లు వేయించండి. పూర్తి హంబకర్ వేయిస్తే మాత్రం వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింది రెసిస్టర్) కూడా 250కే (కిలో ఓంలు) నుంచి 500కేకి మార్చమనండి, లేకుంటే సౌండ్ మొద్దుగా ఉంటుంది.