చదివింపులు వస్తాయని పెళ్లి చీరకు అప్పు చేయకండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నాకు 27 ఏళ్లు. ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తున్నాను. జీతం చేతికి 28,000 వస్తుంది. ఇంట్లో 12,000 ఇస్తాను, 6,000 దాచుకుంటాను. నాన్నకు చిన్న కిరాణా దుకాణం ఉంది. అమ్మకు షుగరు, బీపీ. తమ్ముడు బరంపురంలో చదువుతున్నాడు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో 1,10,000, సేవింగ్స్ ఖాతాలో 80,000 ఉన్నాయి. ఐదు నెలల్లో నా పెళ్లి. మండపం, భోజనాలు నాన్న చూసుకుంటున్నారు. నా బట్టలు నేనే కొనుక్కుంటానని చెప్పాను. విశాఖపట్నంలో ఒక కంచి పట్టుచీర నచ్చింది, 68,000. జాకెట్టుకు మగ్గం వర్క్ 14,000, రిసెప్షన్ లెహంగా 45,000. నా డబ్బు 60,000 పెట్టి, మిగతా 67,000 ఫోన్ యాప్‌లో అప్పు తీసుకోవాలా, అమ్మ గొలుసు తాకట్టు పెట్టాలా? ఏది చవక? చదివింపులు రాగానే తీర్చేస్తాను. పెళ్లయ్యాక ఇక్కడి ఉద్యోగం మానేసి విశాఖ వెళ్తాను, అక్కడ మళ్లీ వెతుక్కోవాలి.

సమాధానం: అమ్మా, రెండూ వద్దు. ఏది చవక అన్న లెక్కలోకి వెళ్లే ముందు మీ ఉత్తరంలోని చివరి వాక్యాన్ని మళ్లీ ఒకసారి చదవండి. చీర ధర, జాకెట్టు ధర, లెహంగా ధర వివరంగా రాసి, ఉద్యోగం మానేస్తున్న సంగతి మాత్రం ఆఖరున ఒక్క ముక్కలో చెప్పారు. నా దృష్టిలో మీ ప్రశ్న మొత్తం ఆ ముక్కలోనే ఉంది. పెళ్లి ఖర్చును ఒక లెక్కగా, పెళ్లి తర్వాతి జీవితాన్ని మరో లెక్కగా చూడడం చాలామంది చేసే పొరపాటు. అందుకే మీకు పేపర్లోనే జవాబు రాస్తున్నాను.

యాప్ అప్పు ఏడాదికి 24 శాతం వడ్డీకి, 18 నెలల గడువుకు వస్తుందనుకుందాం. నెలకు దాదాపు 4,470 కట్టాలి. మొత్తం 80,400 దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి మరో 2,370 ముందే కోసుకుంటారు. అంటే 67,000 వాడుకున్నందుకు దాదాపు 15,800 అదనం. ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. మగ్గం వర్క్‌కు సమయం పడుతుంది కాబట్టి బట్టలు పెళ్లికి మూడు నెలల ముందే కొంటారు. జీతం ఉండగా మూడు వాయిదాలు కడతారు. మిగిలిన పదిహేను వాయిదాలు జీతం ఆగిపోయాక మొదలవుతాయి. పదిహేను 4,470లు ఎంతో వేసి చూడండి, 67,050. అప్పుగా తెచ్చిన మొత్తమంతా, కొత్త ఊరిలో ఉద్యోగం వెతుక్కుంటూ కట్టాలి. పెళ్లయిన రెండో నెలలో భర్తను చీర వాయిదా అడగాల్సిన పరిస్థితి మీకు వద్దు.

దుకాణంలో వడ్డీ లేని వాయిదాలంటూ క్రెడిట్ కార్డు ఆశ చూపిస్తారు. సున్నా వడ్డీ అన్నదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. నగదుకు ఇచ్చే తగ్గింపు పోవడమో, ఫీజు పడడమో ఖాయం. ఒక్క బిల్లు తప్పితే నెలకు 3.5 శాతం చొప్పున 67,000 మీద 2,345 వడ్డీ, ఆపైన జీఎస్టీ. ఇక యాప్‌ల విషయంలో నాకు ఓపిక లేదు. ఏడాదికి మొత్తం ఎంత శాతం పడుతుందో ముందే కాగితం మీద చూపాలని 2022లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఫోన్లో దాచుకున్న నంబర్ల జాబితా జోలికి వెళ్లకూడదనీ చెప్పింది. అయినా వాయిదా ఒక్కరోజు ఆలస్యమైతే బంధువులందరికీ ఫోన్లు వెళ్లిన ఇళ్లు నాకు తెలుసు. కొత్తగా అత్తవారింటికి వెళ్లిన అమ్మాయికి అలాంటి ఫోను రావడం ఊహించుకోండి.

ఇప్పుడు చదివింపుల సంగతి. ఇరవై ఏళ్లుగా మన సరిహద్దు ఊళ్లలో, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, ఎన్ని పెళ్లిళ్ల లెక్కలు చూశానో. చదివింపుల డబ్బుతో పెళ్లికూతురి అప్పు తీరిన ఇల్లు ఒక్కటీ కనిపించలేదు. మండపం గుమ్మం పక్కన బల్ల వేసుకుని ఒక పెదనాన్నో బాబాయో కూర్చుంటారు. పొడవాటి రూళ్ల పుస్తకంలో పేరు, ఊరు, మొత్తం రాస్తారు. కవరు చింపి నోట్లు లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేస్తారు. తెల్లవారుజామున వంటవాళ్లు పాత్రలు కడుగుతూ ఉండగానే వంట మేస్త్రి వచ్చి మిగతా డబ్బు అడుగుతాడు. మీ నాన్నగారు ఆ రబ్బరు బ్యాండు విప్పి అతనికి ఇస్తారు. తర్వాత బ్యాండు మేళం, షామియానా, కరెంటు వాళ్లు. అప్పుడు మీరు వెళ్లి, నాన్నా, నా చీర అప్పుకు 67,000 కావాలి అనగలరా? పైగా ఆ పుస్తకం బీరువాలో పదిలంగా ఉంటుంది. అందులో రాసిన ప్రతి పేరింటా ఒక పెళ్లో గృహప్రవేశమో వస్తుంది. అంతకు తగ్గకుండా తిరిగి చదివించాలి. మీ తమ్ముడు సంపాదనలో పడే రోజుకు ఆ బాకీ అతని మీదకి వస్తుంది. చదివింపులు రాబడి కావు, వాయిదా తేదీ తెలియని అప్పు.

నా సొంత ఇంట్లో జరిగింది చెబుతాను. మా చెల్లెలి పెళ్లికి చీరల కోసం అమ్మ గాజులు రెండు జతలు తాకట్టు పెట్టాం. చదివింపులతో విడిపించాలన్నది మా లెక్క కూడా. పెళ్లయిన పందొమ్మిదో రోజు నాన్నకు గుండెపోటు వచ్చింది. రాత్రి అంబులెన్సులో విశాఖ తీసుకెళ్లాం. ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమన్నారు. ఇంట్లో నగదు లేదు, తాకట్టు పెట్టడానికి బంగారం లేదు, అప్పు ఇచ్చేవాళ్లందరి దగ్గరా పెళ్లికే తీసుకున్నాం. మామయ్య తన మోటారు సైకిలు అమ్మి డబ్బు పంపాడు. నాన్న బతికారు. గాజులకు ఏడు నెలల తర్వాత వేలం నోటీసు వచ్చింది. ఆ కవరు అమ్మ చేతిలో పెట్టింది నేనే. అత్యవసర నిధి లేకుండా పెళ్లి బజారుకు వెళ్లవద్దని నేను ప్రతి వారం ఎందుకు మొరపెట్టుకుంటానో మీకు అర్థమై ఉంటుంది.

కాబట్టి లెక్క ఇలా తిప్పండి. ముందు చీర చూసి ఆపైన డబ్బు వెతకడం కాదు, ముందు ఆపద సొమ్ము పక్కన పెట్టి, మిగిలినంతలో చీర చూడండి. విశాఖలో ఉద్యోగం దొరకడానికి ఆరు నెలలు పడుతుందనుకుందాం. మీ చేతి ఖర్చులు నెలకు 10,000 చొప్పున 60,000. మీరు వెళ్లగానే పుట్టింటికి అందే 12,000 ఆగిపోతుంది. అమ్మగారి మందులు, తమ్ముడి హాస్టలు ఆగవు. ఆరు నెలలకు 72,000. రెండూ కలిపి 1,32,000. ఇందులో 1,10,000 ఇప్పటికే డిపాజిట్‌లో ఉంది, దాన్ని ముట్టుకోకండి. సేవింగ్స్ ఖాతా నుంచి 22,000 కలిపి మరో చిన్న డిపాజిట్ చేయండి. ఒకటే పెద్ద డిపాజిట్ ఉంటే చిన్న అవసరానికి కూడా మొత్తం విరగ్గొట్టాల్సి వస్తుంది. ఇక మీ దగ్గర మిగిలేది 58,000. మీ బట్టల హద్దు అదే. జాకెట్టు, కుట్టుకూలి, పూలజడ, పిన్నులతో సహా అంతా అందులోనే.

ఈ ఐదు నెలల్లో మీరు దాచే 30,000 కూడా చీరలో కలపాలనిపిస్తుంది. కలపకండి. అది విశాఖలో సామాన్లకు, ఇంటర్వ్యూలకు తిరగడానికి, ఆరోగ్య బీమా ప్రీమియానికి.

58,000లో పెళ్లికూతురు వెలితిగా కనిపిస్తుందనుకోకండి. చీరకు 35,000 దాకా, జాకెట్టుకు 5,000, రిసెప్షన్‌కు 12,000, మిగతా చిల్లర ఖర్చులకు 6,000 పెట్టుకోవచ్చు. మీ ఇంటి పద్ధతి ఏమిటో అమ్మగారిని అడగండి. మన వైపు చాలా ఇళ్లలో మాంగల్యధారణ వేళకు పెళ్లికూతురు మధుపర్కాలలోకి మారుతుంది. 68,000 చీర ఒంటి మీద ఉండేది రెండు మూడు గంటలు. జీవితాంతం చూసుకునే తాళి కట్టే ఫొటోలో ఉండేది ఆ తెల్లటి నూలు చీరే. నాకు ఎంతో ఇష్టమైన దృశ్యం అది.

కంచి చీరే కావాలా అన్నది కూడా ఆలోచించండి. తమ్ముడు చదివే బరంపురంలోనే తెలుగు దేవాంగుల మగ్గాల మీద నేసే పట్టు ఉంది. గుడి గోపురాల్లాంటి ఫోడా కుంభం అంచుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పెళ్లికూతురికి చీర, పెళ్లికొడుకుకు జోడు పట్టుబట్టలు కలిపి నేయడం అక్కడి ఆనవాయితీ. తమ్ముణ్ని ఒక ఆదివారం నేతకారుల వీధికి పంపి ధరలు కనుక్కోమనండి. ఎక్కడ కొన్నా అసలు పట్టు అని చెప్పే సిల్క్ మార్క్ చీటీ చూడండి, జరీ అసలుదా కాదా అన్నది బిల్లు మీద రాయించుకోండి. అసలు జరీలో ఉండేది వెండి. వెండి ధర పెరిగే కొద్దీ చీర ధర పెరుగుతుంది కానీ, మీరు అమ్మబోతే ఆ ధర రాదు. చీర ఆస్తి అని దుకాణంలో ఎవరైనా అంటే నమ్మకండి.

లెహంగా 45,000 అన్నారు. అది పన్నుతో కలిపిన ధరా? 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 దాటిన కుట్టిన దుస్తులకు జీఎస్టీ 18 శాతం. కుట్టని చీరకు 5 శాతమే. పన్ను విడిగా వేస్తే లెహంగా మీద మరో 8,100 పడుతుంది. ఒక సాయంత్రానికి అద్దెకు తీసుకోండి, లేదా అమ్మగారి పాత పట్టుచీరకు కొత్త జాకెట్టు కుట్టించండి.

అమ్మగారి గొలుసు గురించి ఒక్క మాట. వడ్డీ పరంగా యాప్ కంటే బ్యాంకులో బంగారం తాకట్టు చవక, నిజమే. కానీ మీరు ఇల్లు విడిచాక షుగరు, బీపీ ఉన్న ఆ తల్లికి మిగిలే అత్యవసర నిధి ఆ గొలుసే. దాన్ని చీర కోసం ఇంట్లోంచి బయటికి పంపకండి.

బీమా గురించి. ఇప్పుడు మీకు ఆసుపత్రి వాళ్లు ఇచ్చిన గ్రూపు ఆరోగ్య బీమా ఉంటే, అది ఉద్యోగంతో పాటే పోతుంది. రాజీనామా ఇవ్వకముందే సొంత పాలసీ తీసుకోండి. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప జబ్బులకు చెల్లించరు కాబట్టి పెళ్లి హడావిడి మొదలయ్యేదాకా ఆగవద్దు. వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద ఇప్పుడు జీఎస్టీ లేదు. గర్భం, కాన్పు ఖర్చులకు వేచి ఉండే గడువు ఎంతో తప్పక అడగండి. అమ్మానాన్నల కోసం ఇంకో పని ఉంది. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన అనే ఉచిత వైద్య పథకాలు కలిపి అమలవుతున్నాయి. రేషన్ కార్డును బట్టి వాళ్లకు అర్హత ఉందేమో చూడండి. ఉంటే ఆ కార్డు విశాఖలో జాబితాలోని ఆసుపత్రుల్లో కూడా చెల్లుతుంది. అయితే రాత్రివేళ బండి కిరాయి, తోడు వెళ్లినవాళ్ల తిండి, బస ఏ కార్డూ ఇవ్వదు. పక్కన పెట్టమన్న 72,000 వాటికి కూడా ఆసరా.

డిపాజిట్‌ను మ్యూచువల్ ఫండ్‌లోకి మార్చాలా అని రేపు ఎవరైనా అడగవచ్చు. ఉద్యోగం వచ్చేదాకా కదపవద్దు. విశాఖ వెళ్లాక పీఎఫ్ డబ్బు తీసేసుకోకుండా కొత్త ఉద్యోగం ఖాతాకు బదిలీ చేయించుకోండి. పెళ్లయ్యాక నామినేషన్ కొత్తగా ఇవ్వాలి, పాతది చెల్లదని గుర్తుంచుకోండి.

ఈ వారంలో చేయాల్సింది మాత్రం ఒక్కటే. బ్యాంకుకు వెళ్లి ఆ 22,000 డిపాజిట్ చేయండి. రసీదు చేతికి వచ్చాకే అమ్మగారితో కలిసి చీరలు చూడడానికి బయలుదేరండి. దుకాణంలో కూర్చోగానే ముందు 35,000 అని చెప్పండి, అంతకు మించినవి విప్పవద్దని అడగండి.