దీవి పోస్టింగ్‌కి వెళ్ళే ముందు

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య దీవించి రాయునది.

సైన్యంలో నీకు అండమాన్ పోస్టింగ్ వచ్చిందని నిన్న పొద్దున్నే అక్క ఇంటికొచ్చి చెప్పింది. చెబుతూనే ఏడ్చేసింది. "సముద్రం అవతల పడేస్తున్నారురా తమ్ముడూ, ఇక్కడ ఏదైనా అయితే వాడు ఎలా వస్తాడు" అంది. ఊరుకోబెట్టాను గాని, అక్క అడిగిన దాంట్లో తప్పేమీ లేదు. ఆ దీవుల్లో 2000 నుంచి 2003 వరకు నేను మూడేళ్ళు ఉన్నాను. అక్కడి వానకీ ఉక్కకీ మనిషి రెండు నెలల్లో అలవాటు పడతాడు. అలవాటు పడనిది ఆ దూరం ఒక్కటే. ఇంటి దగ్గర్నుంచి కబురు వచ్చేస్తుంది, మనం మాత్రం కదల్లేం. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని కాగితం మీద రాస్తున్నాను. దీన్ని నీ పెట్టెలో పెట్టుకో.

ముందు మీ తాతయ్య సంగతి చెప్పాలి. నువ్వు అప్పటికి పుట్టలేదు. 2002 జూన్ నెల, నన్ను ఆరు నెలల డ్యూటీ మీద కేంప్‌బెల్ బే పంపారు. అది గ్రేట్ నికోబార్‌లో ఉంది, పోర్ట్‌బ్లెయిర్ నుంచి 500 కిలోమీటర్ల పైన. మన దేశపు దక్షిణపు కొస అయిన ఇందిరా పాయింట్ ఆ దీవిలోనిదే. నాన్నకి గుండెపోటు వచ్చి పోయారని మీ నాన్న ఇక్కడి నుంచి టెలిగ్రాం కొట్టాడు. నా చేతికి అందింది మర్నాడు సాయంత్రం. సుబేదార్ సాబ్ అప్పటికప్పుడే సెలవు కాగితం చేయించారు, ఆయన వైపు నుంచి ఏ లోటూ లేదు. కానీ బయట గాలివాన. హెలికాప్టర్ మూడు రోజులు లేవలేదు. నాలుగో రోజు ఓడ దొరికింది. అది దారిలో దీవి దీవికీ ఆగుతూ పోర్ట్‌బ్లెయిర్ చేరేసరికి ఇంకో రెండు రోజులు పట్టింది. అక్కడ విమానం టికెట్ కోసం మళ్ళీ ఎదురుచూపు. చెన్నైలో దిగి, రైలెక్కి పలాసలో దిగి, బస్సు పట్టుకుని ఇంటి వీధిలోకి వచ్చేసరికి పన్నెండో రోజు. ఇంటి ముందు పందిరి, భోజనాల విస్తళ్ళు. పెద్దకొడుకుని నేనుండగా తలకొరివి మీ చిన్నమామయ్య పెట్టాడు. వాడికప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఎవరు పెట్టాలన్న మాట మీద ఆ రోజు చుట్టాల్లో పెద్ద గొడవైందట, నాకోసం శవాన్ని ఎన్నాళ్ళు ఉంచుతారని ఒకరు, పెద్దవాడు లేకుండా ఎలాగని ఇంకొకరు. అమ్మ ఆ గొడవని చనిపోయేవరకు తలుచుకునేది.

ఆ మాట నేను వెళ్ళేముందే ఇంట్లో చెప్పి ఉంటే అమ్మకి ఆ బాధ ఉండేది కాదు. "నేను అందకపోతే తమ్ముడు చేస్తాడు, నాకోసం ఆగొద్దు" అని ఒక్కమాట. అశుభమని నోరు విప్పలేదు నేను. నువ్వు విప్పాలి. మీ నాన్నకి షుగరు ఉంది, మీ నానమ్మకి ఎనభై దాటాయి. ఏదైనా జరిగితే ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్ళాలి, బరంపురమా శ్రీకాకుళమా, డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది, నీకు ఫోన్ ఎవరు చెయ్యాలి, ఇవన్నీ పేరు పెట్టి చెప్పి వెళ్ళు. నేను ఊళ్ళోనే ఉన్నాను, మొదటి ఫోన్ నాకు రావాలి. నీ ఖాతాలో ఒక విమానం టికెట్‌కి సరిపడా డబ్బు ఎప్పుడూ కదలకుండా ఉండాలి. నాలుగేళ్ళ కొలువు అగ్నివీరుగా మొదటి ఏడాది నీకు నెలకి చేతికొచ్చేది 21,000, మిగతా 9,000 చివర్లో ఇచ్చే సేవానిధికి పోతుంది. ఇంటికి ఎంత పంపినా సరే, ఆ టికెట్ డబ్బు మాత్రం ముట్టుకోకు. సెలవు కూడా ఏడాదికి 30 రోజులే. ఓడలో వచ్చిపోతే వారం దాకా నీళ్ళ మీదే గడిచిపోతుంది. అందుకని పండగకీ పెళ్ళికీ విడివిడిగా రాకు. ఒక్కసారే రా, కొన్ని రోజులు చేతిలో మిగుల్చుకో.

కాగితాల మాట ఒకటి. మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్ళలో ఈ తిప్పలు అందరికీ తెలిసినవే. ఒడియాలో రాసేటప్పుడు మన ‘వ’ ‘బ’ అయిపోతుంది. మీ నాన్న పేరు ఆధార్లో వెంకట అని, నీ స్కూలు సర్టిఫికెట్లో బెంకట అని ఉంది, నేను చూశాను. అమ్మ పేరులో కూడా ఒక అక్షరం తేడా. నామినీ పేరు, బ్యాంకు పాస్‌బుక్కు, ఆధార్, సర్వీసు రికార్డు, నాలుగూ ఒకేలా ఉండాలి. ఇక్కడ ఉండగా అయితే ఇది రెండు రోజుల పని. దీవి నుంచి సరిచేయించాలంటే నెలలు పడుతుంది.

ఇక ప్రయాణం. విశాఖ మనకి దగ్గర గాని అక్కడి నుంచి ఓడలు తక్కువ. చెన్నై, కలకత్తాల నుంచే ఎక్కువ. ట్రాన్సిట్ క్యాంపులో ఎన్నాళ్ళు ఉంచుతారో ముందే చెప్పలేం, కాబట్టి సబ్బు, టవలు, రెండు జతల బట్టలు పై సంచిలో ఉంచుకో, పెద్ద పెట్టె కట్టేసి ఉంటుంది. ఓడలో మూడు రోజులు. మొదటి రోజు కడుపు తిప్పుతుంది, అందరికీ తిప్పుతుంది. ఖాళీ కడుపుతో ఉంటే ఇంకా ఎక్కువ. నూనె వస్తువులు మానేసి బిస్కట్లు, పెరుగన్నం, అక్క పెట్టిన నిమ్మకాయ ఊరగాయ తిను. కింద బంకులో పడుకుని మూలగకుండా డెక్ మధ్యకి వచ్చి, దూరంగా ఆకాశం నీళ్ళు కలిసేచోట చూపు నిలుపు. రెండో రోజుకి సర్దుకుంటుంది.

దిగగానే నిన్ను తికమక పెట్టేది వెలుతురు. గడియారం మనదే, కానీ దీవులు మనకి బాగా తూర్పున ఉన్నాయి. వేసవిలో ఐదు కాకముందే తెల్లారిపోతుంది. చలికాలంలో సాయంత్రం ఐదు దాటగానే పొద్దు కుంగిపోతుంది. పొద్దున పీటీకి అది బాగానే ఉంటుంది. ఇబ్బందంతా సాయంత్రమే. గేమ్స్ అయిపోయి, చీకటి పడి, లంగర్లో అన్నం పెట్టడానికి ఇంకా టైము ఉంటుంది చూడు, ఆ గంటన్నరలో ఇల్లు గుర్తొస్తుంది. నాతో వచ్చినవాళ్ళలో బాగా చేతులు కాల్చుకున్న ఇద్దరూ తాగుడు మొదలుపెట్టింది ఆ గంటలోనే. ఆ గంటకి ఒక పని పెట్టుకో. నీకు నాలుగేళ్ళ తర్వాత ఉద్యోగం ఉంటుందో లేదో తెలీదు. వందలో పాతికమందినే ఉంచుతారు. ఉంచితే మంచిదే. ఉంచకపోతే చేతిలో ఏముండాలో ఇప్పుడే అనుకుని, దానికి సంబంధించిన పుస్తకం తీసుకెళ్ళు. ఆ గంటన్నర రోజూ చదివితే నాలుగేళ్ళకి రెండు వేల గంటలవుతుంది. లెక్క వేసుకో.

వాన గురించి ఎంత చెప్పినా తక్కువే. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు పడుతుంది, మే నుంచి డిసెంబరు దాకా ఏదో ఒక రూపంలో కురుస్తూనే ఉంటుంది. బట్ట ఆరదు. పెట్టెలో మడిచిపెట్టిన యూనిఫాం వారానికి బూజు పడుతుంది. బూట్ల లోపల కూడా బూజే. బ్యారెక్‌లో పాతవాళ్ళు అలమారలో చిన్న బల్బు వెలిగించి ఉంచుతారు. ఆ వేడికి చెమ్మ పట్టదు. కరెంటు పద్ధతిగా ఉన్నచోటే చెయ్యి, ఉస్తాదుని అడిగి చెయ్యి. బూట్లలో రాత్రి న్యూస్ పేపర్ కుక్కి పెట్టు. ఇనప పెట్టె తుప్పు పట్టేస్తుంది కాబట్టి కాగితాలు ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టు. రైఫిలు మాట మరీ ముఖ్యం. మైదానంలో వాడని రోజు తుడవకపోయినా నడుస్తుంది, ఉప్పుగాలిలో నడవదు. పుల్‌త్రూ (గొట్టం తుడిచే తాడు), చిందీ (గుడ్డపేలిక), నూనె, రోజూ. ఇన్‌స్పెక్షన్‌లో మాట పడతామని చెప్పడం లేదు, అవసరానికి ఆ తుపాకి నీ ప్రాణం.

కాళ్ళు, గజ్జలు పొడిగా ఉంచుకో. ఆరు జతల సాక్సులు తీసుకెళ్ళు, తడిసినవి మధ్యాహ్నమే మార్చు. తామర వచ్చిందంటే సిగ్గుపడి బజార్లో ట్యూబు కొని రాయకు. వాటిలో చాలావాటికి స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. రెండు రోజులు తగ్గినట్టు ఉండి తర్వాత ఒళ్ళంతా పాకుతుంది. యూనిట్‌లో వైద్యం చేసే ఎం.ఐ. రూమ్‌కి వెళ్ళు. జ్వరం వస్తే అదే రోజు వెళ్ళు, మాత్ర వేసుకుని పడుకోకు. నికోబార్ వైపు మలేరియా ఉంటుంది. కాలికి పుండు ఉంటే బురదనీళ్ళలో ఒట్టికాళ్ళతో దిగకు, ఎలుకల వల్ల నీళ్ళలోకి వచ్చే జ్వరం అక్కడ కొత్తేమీ కాదు. ఇసుక మీద పడుకుంటే కంటికి కనిపించని ఈగలు కుట్టి దద్దుర్లు లేస్తాయి, గోకితే పుండు పడతాయి. దోమతెర కట్టకుండా ఒక్క రాత్రి కూడా పడుకోకు.

సముద్రం మనకి బారువలోనూ గోపాల్‌పూర్‌లోనూ చూసిందేనని ధైర్యం చెయ్యకు. అక్కడి నీళ్ళు అద్దంలా ఉంటాయి, చూస్తే దిగాలనిపిస్తుంది. మడ అడవులున్న కాలవల్లో, వాటి మొగల దగ్గర ఉప్పునీటి మొసళ్ళు ఉంటాయి. బోర్డు పెట్టిన చోట దిగకు, బోర్డు లేనిచోట అక్కడివాళ్ళని అడక్కుండా దిగకు, ఒంటరిగా ఎక్కడా దిగకు.

2004 డిసెంబరు 26 ఆదివారం. నేను అప్పటికి ఏడాది ముందే తిరిగొచ్చేశాను. పొద్దున ఆరున్నర ప్రాంతంలో భూమి ఊగింది, కాసేపటికే కార్ నికోబార్‌లో వాయుసేన స్థావరం మీదికి సముద్రం వచ్చేసింది. జవాన్లు, వాళ్ళ భార్యాపిల్లలు కలిసి వందమందికి పైగా పోయారు. ఇందిరా పాయింట్ దగ్గర నేలే కొన్ని మీటర్లు కుంగిపోయింది. నేను నడిచిన నేల అది. ఇప్పుడు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం నుంచి సునామీ హెచ్చరికలు వెళ్తాయి, మంచి ఏర్పాటే. కానీ భూకంపం దీవుల పక్కనే వస్తే హెచ్చరిక కన్నా నీళ్ళే ముందు రావచ్చు. నిలబడలేనంతగా నేల ఊగినా, చాలాసేపు ఆగకుండా ఊగినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కిపోయినా, సైరన్ కోసం చూడకు. ఎత్తుకి పరుగెత్తు, పక్కవాడిని లేపుకుని పరుగెత్తు. మొదటి అల తర్వాత కిందికి రాకు. యూనిట్‌లో చేరిన మొదటివారమే నీ బ్యారెక్ నుంచి ఎత్తు ప్రదేశానికి దారి చూసి, ఒకసారి చీకట్లో నడిచి చూడు.

భాష గురించి నీకు బెంగ అక్కర్లేదు. పోర్ట్‌బ్లెయిర్ బజార్లో తెలుగు వినిపిస్తుంది, సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు చాలామంది. 2024లో ఆ ఊరికి శ్రీవిజయపురం అని పేరు పెట్టారు గాని జనం నోట్లో ఇంకా పాతపేరే. నీకు తెలుగు, ఒడియా, హిందీ మూడూ వచ్చు కాబట్టి యూనిట్‌లో అందరితో కలిసిపోగలవు. కానీ తెలుగువాళ్ళు దొరికారని వాళ్ళతోనే తిరగకు. నికోబారీలు (అక్కడి ఆదివాసులు) ఉన్నచోట పోస్టింగ్ పడితే నాలుగు మాటలు వాళ్ళవి నేర్చుకో. గిడుగు రామమూర్తి పంతులుగారు మన ఊళ్ళోనే ఉంటూ సవరవాళ్ళ దగ్గర సవరభాష నేర్చుకున్నారు, మనకిది కొత్త కాదు. నికోబారీల ఊరి పెద్దని కెప్టెన్ అంటారు. ఆయన్ని అడక్కుండా ఊళ్ళోకి పోకు, కొబ్బరిబొండం కోయకు. చెట్టు ఒంటరిగా కనిపించినా ఏదో ఒక కుటుంబానిదే. అడవి తెగ జార్వాలుండే రోడ్డు మీద బండి ఆపకు, బిస్కట్ ఇవ్వకు, ఫోటో తియ్యకు. వాళ్ళ రక్షణకి 1956 నుంచి చట్టం ఉంది, జైలు పడుతుంది. చట్టం లేకపోయినా తియ్యకూడదు. గవ్వలు, పగడపు ముక్కలు అక్కకి తెస్తానని పెట్టెలో వేసుకోకు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు.

మా రోజుల్లో ఎస్.టి.డి. బూత్ దగ్గర గంట నిలబడితే రెండు నిమిషాల మాట. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక ఇప్పుడు వీడియోలో ముఖం కూడా కనిపిస్తోంది. మీ అమ్మకి అది చాలు. కానీ ఓడలు, జెట్టీ, రన్‌వే, నీ డ్యూటీ స్థలం ఏదీ ఆ వీడియోలో కనిపించకూడదు. తెలియని అమ్మాయి మెసేజ్ పెడితే జవాబివ్వకు, యూనిట్‌లో చెప్పు.

వచ్చే నెల సెలవు మీద వస్తున్నావట. వచ్చిన రెండో రోజే, చుట్టాలు మొదలవకముందే, అక్కనీ బావనీ కూర్చోబెట్టు. నేనూ వస్తాను. నేను మా నాన్నకి చెప్పలేకపోయిన మాట నువ్వు మీ నాన్న ఎదురుగా చెప్పు. నీ నోరు పెగలకపోతే నేను మొదలుపెడతాను. ఆధార్ కార్డులు, పాస్‌బుక్కులు బయట పెట్టి ఉంచమని అక్కకి చెప్పాను.

ఇట్లు,
మీ మామయ్య.