సర్టిఫికెట్ రెన్యూ అయింది, అయినా ఫోన్లు ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: మాది గుంటూరులో ఆడిట్ ఆఫీసు, 14 మందిమి. అద్దె సర్వర్ మీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపేది), డవ్‌కాట్ (వచ్చిన మెయిల్‌ను ఫోన్లకు అందించేది) పెట్టుకుని సొంత డొమైన్‌తో మెయిల్ నడుపుకుంటున్నాం. ఇది మా సర్వరేనని ఫోన్లకు రుజువు చూపే సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే జారీ సంస్థది. సోమవారం పొద్దున్నుంచి అందరి ఫోన్లలోనూ సర్టిఫికెట్ గడువు ముగిసిందని వస్తోంది. మెయిల్ పంపితే వెళ్తోంది, వచ్చినవి మాత్రం తెరుచుకోవడం లేదు. సర్వర్‌లో చూస్తే సర్టిఫికెట్ నెల కిందటే రెన్యూ అయి ఉంది! రిటర్నుల గడువు దగ్గర పడింది, ఒకటే టెన్షన్. మా కుర్రాడొకడు తన ఫోన్‌లో 'అన్ని సర్టిఫికెట్లనూ అంగీకరించు' అని టిక్ పెట్టుకుంటే పనిచేస్తోందండీ. అందరికీ అలాగే పెట్టేయమంటారా?

జవాబు: వద్దండీ. పెట్టుకున్న ఆ అబ్బాయి చేత కూడా ఇవాళే తీయించండి, పాస్‌వర్డ్ మార్పించండి. ఆ టిక్ ఉన్న ఫోన్ ఎవరు ఏ సర్టిఫికెట్ చూపించినా నమ్మేస్తుంది. ఆ అబ్బాయి రైల్వే స్టేషన్లోనో హోటల్లోనో వైఫైకి కనెక్ట్ అయినప్పుడు మధ్యలో ఎవరైనా కూర్చుని, మీ సర్వర్ పేరుతో సొంతంగా తయారు చేసుకున్న సర్టిఫికెట్ చూపిస్తే చాలు, ఫోన్ మారు మాట్లాడకుండా పాస్‌వర్డ్ ఇచ్చేస్తుంది. మీ మెయిల్లో ఉన్నవి క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు. హెచ్చరిక ఎందుకు వస్తోందో చూడాలి కానీ దాని నోరు నొక్కకూడదు.

ఇక అసలు విషయం. 'వెళ్తోంది, రావడం లేదు' అన్నారు చూశారా, దొంగ అక్కడే దొరికాడు. పోస్ట్‌ఫిక్స్‌లో కనెక్షన్లు తీసుకునే ప్రాసెస్‌లు ఎక్కువసేపు బతకవు, మామూలుగా 100 కనెక్షన్లు చూసుకునో, కాసేపు పని లేకపోతేనో ముగిసిపోతాయి, వాటి చోట వచ్చిన కొత్తవి డిస్క్ మీదున్న కొత్త సర్టిఫికెట్ చదువుకుంటాయి. డవ్‌కాట్ అలా కాదు, మొదలైనప్పుడు చదివిన సర్టిఫికెట్‌నే రీలోడ్ చేసేదాకా అంటిపెట్టుకుని ఉంటుంది. సర్టిఫికెట్లను దానంతటదే రెన్యూ చేసే సర్ట్‌బాట్ ప్రోగ్రామ్ 90 రోజుల సర్టిఫికెట్‌ను ఇంకా 30 రోజులు ఉండగానే రెన్యూ చేస్తుంది కదా, పాతది ఆ 30 రోజులూ చక్కగా పనిచేసింది, అందుకే ఎవరికీ తెలియలేదు. సోమవారంతో దాని గడువు తీరింది.

నా మాట మీద ఆధారపడకండి, మీరే చూసుకోండి. సర్టిఫికెట్లను పరీక్షించుకునే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్రోగ్రామ్‌లోని ఎస్-క్లయింట్ (s_client) కమాండ్‌తో, బయట ఇంకో కంప్యూటర్ నుంచి, మీ మెయిల్ సర్వర్ పేరుకు 993 పోర్టులో (ఫోన్లు మెయిల్ తెచ్చుకునే దారి అది) కనెక్ట్ అవ్వండి. చివర్లో 'వెరిఫై రిటర్న్ కోడ్' అనే లైన్ వస్తుంది. 10 ఉంటే గడువు తీరింది, 0 ఉంటే అంతా బాగున్నట్టు. 21 వస్తే జబ్బు వేరు: ఫుల్‌చైన్ ఫైల్ (మీ సర్టిఫికెట్‌తో పాటు దాన్ని జారీ చేసినవారి సర్టిఫికెట్ కూడా ఉండేది) ఇవ్వాల్సిన చోట ఒట్టి సర్ట్ ఫైల్ ఇచ్చారని దాదాపు చెప్పేయొచ్చు. డిస్క్ మీది ఫైల్లో ఏ తేదీ ఉందో ఫోన్‌కు అనవసరం, సర్వర్ నిజంగా ఏది చూపిస్తోందన్నదే లెక్క.

మీకు 10 వస్తుంది. సర్వర్‌లో 'డవ్‌ఆడ్మ్ రీలోడ్' (doveadm reload) కొట్టండి, మళ్లీ కనెక్టయి చూడండి, 0 అయిపోవాలి. కంగారులో కొత్త సర్టిఫికెట్ల కోసం మళ్లీ మళ్లీ అడగకండి, అదే పేర్లకు 7 రోజుల్లో 5 దాటితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇవ్వదు. నేను ఒక స్కూలు మెయిల్ చూసుకునే రోజుల్లో సరిగ్గా ఇదే చేశాను, రాత్రి 11 నుంచి 2 దాకా ఆ అయిదూ వాడేశాక గానీ రీలోడ్ సంగతి తట్టలేదు.

మళ్లీ జరగకుండా ఉండాలంటే, సర్ట్‌బాట్ డిప్లాయ్ హుక్స్ ఫోల్డర్‌లో (రెన్యూ అవగానే నడవాల్సిన స్క్రిప్ట్‌లు ఉండే చోటు) పోస్ట్‌ఫిక్స్‌నూ డవ్‌కాట్‌నూ రీలోడ్ చేసే రెండు లైన్ల స్క్రిప్ట్ పెట్టి, దానికి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వండి. డ్రై రన్ (ఉత్తుత్తి రెన్యూ) చేసి బాగుందనుకోకండి, మామూలు డ్రై రన్‌లో డిప్లాయ్ హుక్స్ నడవవు. స్క్రిప్ట్‌ను ఒకసారి చేత్తో నడిపి చూసుకోవాలి. దాంతోపాటు రోజూ 993కు కనెక్టయి, గడువు 14 రోజుల లోపుంటే మీకు మెసేజ్ పంపే క్రాన్ (వేళకు దానంతటదే నడిచే పని) ఒకటి పెట్టండి. గడువు దగ్గర పడితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ పంపే మెయిళ్లు 2025 జూన్ నుంచి ఆగిపోయాయి. పైగా 2029 మార్చి నాటికి సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 47 రోజులకు దిగుతుంది కాబట్టి ఈ పని ఇంకా తరచుగా ఉంటుంది.

ప్రశ్న: సర్వర్ కొత్త ఉబుంటుకు మార్చాం. అప్పటినుంచి ఆఫీసులో పాత స్కానర్ నుంచి మెయిల్ వెళ్లడం లేదు, లాగ్‌లో 'అన్‌సపోర్టెడ్ ప్రోటోకాల్' అని ఉంది. – కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ స్కానర్‌కు టీఎల్‌ఎస్ (కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) 1.0 తప్ప తెలిసి ఉండదమ్మా. 1.0, 1.1 రెంటినీ 2021 మార్చిలోనే అధికారికంగా పక్కన పెట్టేశారు, కొత్త ఉబుంటులు వాటిని మామూలుగా ఒప్పుకోవు. స్కానర్ కంపెనీ సైట్లో కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో ముందు చూడండి. లేకపోతే స్కాన్లు ఆఫీసు కంప్యూటర్లో షేర్డ్ ఫోల్డర్‌కు వచ్చేలా పెట్టుకోండి, మెయిల్ అక్కణ్నుంచి పంపుకోవచ్చు. ఒక్క స్కానర్ కోసం సర్వర్ మొత్తాన్నీ పాత టీఎల్‌ఎస్‌కు దించవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

ప్రశ్న: మెయిల్ ప్రోగ్రామ్‌లో పంపడానికి 587 పోర్టు పెట్టి ఎస్‌ఎస్‌ఎల్ (టీఎల్‌ఎస్‌కు పాత పేరు) ఆన్ చేస్తే 'రాంగ్ వర్షన్ నంబర్' అంటోంది. సర్వర్‌లో టీఎల్‌ఎస్ వర్షన్ మార్చాలా?

జవాబు: అక్కర్లేదు, వర్షన్‌తో సంబంధమే లేదు. 587లో సర్వర్ ముందు మామూలు అక్షరాల్లో '220' అని పలకరిస్తుంది, తర్వాత స్టార్ట్‌టీఎల్‌ఎస్ అంటేనే ఎన్‌క్రిప్షన్ మొదలవుతుంది. మీ ప్రోగ్రామ్ ఆ 220ని టీఎల్‌ఎస్ అనుకుని చదివి, వర్షన్ తప్పంటోంది. 587 ఉంచుకుంటే స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఎంచుకోండి, ఎస్‌ఎస్‌ఎల్ కావాలంటే 465 పెట్టండి. నేనైతే 465కే ఓటేస్తాను, అందులో మొదటి బైట్ నుంచే ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్ మాస్టర్ ఫైల్లో ఆ పోర్టు లైన్ కింద ర్యాపర్ మోడ్ (మొదటి నుంచే ఎన్‌క్రిప్షన్ పెట్టే సెట్టింగ్) 'యెస్' అని ఉందో లేదో చూసుకోండి, అది లేకపోతే 465లోనూ ఇదే ఎర్రర్ వస్తుంది.