నొక్కడమే కాదు, వదలడమూ రావాలి

అమ్మడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లాబ్రడార్ గుండె ఆగిపోతే నువ్వే ఛాతీ నొక్కావని, అయినా దక్కలేదని రాశావు. బాధపడొద్దని చెప్పను. గుండె ఆగాక బతికి ఇంటికెళ్ళే కుక్కలు చాలా తక్కువమ్మా. చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక టెన్షన్ పడ్డానన్నావు చూడు, దానికి మాత్రం జవాబు చెప్పి తీరాలి.

ముందు ఛాతీ ఆకారం చూడు. డాబర్‌మన్, గ్రేహౌండ్ ఛాతీ సన్నగా, లోతుగా ఉంటుంది. పక్కకు పడుకోబెట్టి సరిగ్గా గుండె మీదే నొక్కు. పక్కటెముకల మధ్య గుండె నొక్కుకుని రక్తం బయటికొస్తుంది, వెనక్కి పోకుండా కవాటాలు ఆపుతాయి. లాబ్రడార్‌ది గుండ్రటి ఛాతీ. గుండె మీద నొక్కినా ఆ బలం గుండె దాకా సరిగా చేరదు. అందుకని పక్కకు పడుకోబెట్టి, ఛాతీ బాగా వెడల్పుగా ఉన్నచోట నొక్కాలి. లోపల ఒత్తిడి మొత్తంగా పెరిగి రక్తం ముందుకు కదులుతుంది. ఛాతీ వెడల్పుగా, చదునుగా ఉండే బుల్‌డాగ్‌ని మాత్రం వెల్లకిలా పడుకోబెట్టి రొమ్ము ఎముక మీద నొక్కు.

వేగం నిమిషానికి 100 నుంచి 120. పక్కకు పడుకోబెట్టినప్పుడు ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా దిగాలి. బుల్‌డాగ్‌కి నాలుగో వంతు చాలు.

ఇక అసలు సంగతి. కొత్తలో నేను బలమంతా పెట్టి నొక్కేవాణ్ణి, పైకి లేచేటప్పుడు మాత్రం చేతుల బరువు ఛాతీ మీదే ఉంచేసేవాణ్ణి. అది పెద్ద తప్పని ఏళ్ళ తర్వాత తెలిసింది. పూర్తిగా వదిలితేనే ఛాతీ పైకి లేచి, సిరల్లోని రక్తం గుండెలోకి వస్తుంది. గుండె కండరానికి రక్తం అందేది కూడా ముఖ్యంగా ఆ వదిలిన క్షణంలోనే. బరువు ఆనించి ఉంచితే కుడి కర్ణికలో, అంటే ఒంట్లోంచి రక్తం తిరిగొచ్చి చేరే గుండె గదిలో, ఒత్తిడి తగ్గదు, గుండెకే రక్తం చాలదు. ఎంత బాగా నొక్కినా మామూలుగా పారే రక్తంలో 25 నుంచి 30 శాతమే పారుతుంది. ఆ కొంచెం కూడా మన చేతులతో పోగొట్టకూడదు కదా!

మధ్యలో ఆపి స్టెతస్కోప్ పెట్టి చూడకు. రక్తపోటు పుంజుకోవడానికి చాలాసార్లు నొక్కాలి, ఆపితే వెంటనే పడిపోతుంది. రెండు నిమిషాలకోసారి నొక్కే మనిషి మారాలి. అలిసిపోలేదని నీకనిపించినా సరే, మారు.

1950ల చివర బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్‌కిన్స్‌లో, కుక్కల ఛాతీ మీద గుండెకు కరెంటు షాక్ ఇచ్చే పలకలు గట్టిగా ఆనించినప్పుడు రక్తపోటు పెరగడం గమనించారు. మనుషులకు చేసే ఛాతీ నొక్కుడు అక్కడే రూపుదిద్దుకుంది. ఆ కుక్కల రుణం తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

మోచేతులు వంచకు, నడుము బలంతో నొక్కు. బల్ల నీకు ఎత్తవుతుంది కాబట్టి స్టూల్ ఎక్కాలి. వార్డులో అది ఎక్కడుంటుందో రేపే చూసిపెట్టుకో.

మీ మామయ్య