సైన్యం జట్టుకి అన్ని టైటిళ్లు ఎలా వచ్చాయి?

ప్రశ్న: మాస్కోలోని సీఎస్‌కేఏ ఐస్ హాకీ క్లబ్‌ని 'రెడ్ ఆర్మీ' అని ఎందుకంటారు? సోవియట్ కాలంలో ఎప్పుడూ అదే ఎలా గెలిచేది?

జవాబు: అది నిజంగానే సోవియట్ సైన్యం (రెడ్ ఆర్మీ) జట్టు మరి, 1946లో మొదలైంది. అప్పట్లో కుర్రాళ్లకి సైనిక సేవ తప్పనిసరి కదా, వేరే క్లబ్‌లో ఎవరైనా బాగా ఆడుతున్నారని తెలిస్తే చాలు, సైన్యంలో చేర్చుకుని ఇక్కడ ఆడించేవారు, ఇక మిగతా జట్లకి మిగిలేదేంటి! మొత్తం 32 సోవియట్ టైటిళ్లు, అందులో 1977 నుంచి 1989 దాకా వరసగా 13. అలాగని ఆటని తక్కువ చేయలేం, ఫెటిసోవ్, లారియోనోవ్ ఉన్న ఐదుగురి దళం పాస్‌లు చూసి తీరాల్సిందే. కోచ్ విక్టర్ టిఖోనోవ్ మాత్రం ఏడాదిలో చాలా భాగం వాళ్లని ఇంటికి పంపకుండా శిబిరంలోనే ఉంచేవాడు. 1989లో ఆ ఐదుగురూ అమెరికా, కెనడా క్లబ్‌లకి వెళ్లిపోయారు. ఇప్పటి రష్యా ప్రధాన హాకీ లీగ్ విజేతకిచ్చే గగారిన్ కప్ ఈ క్లబ్‌కి మొదటిసారి దక్కింది 2019లో.